కుటుంబములలో కాన్సరు: మూగబోయిన జన్యువు చరిత్ర

1895వ సంవత్సరము. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయములో ఆల్డ్రెడ్ వార్థిన్ అనే రోగనిదాన శాస్త్రజ్ఞుడు పనిచేస్తూ ఉండేవాడు. ఆయన ఇంట బట్టలు కుట్టే స్త్రీ ఒకనాడు మిక్కిలి దిగులుగా కనిపించినది. కారణము అడుగగా, తాను చిన్న వయస్సులోనే చనిపోవుట నిశ్చయమని ఆమె చెప్పినది. తన కుటుంబములో అందరూ జీర్ణాశయములోనో, ప్రేగులలోనో, గర్భాశయములోనో కాన్సరు పుట్టి మరణించినారట. తనకు మాత్రము వేరే గతి ఎందుకుంటుందని ఆమె తర్కము. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు. కాని ఆమె చెప్పినట్లే జరిగినది. కొంతకాలమునకు గర్భాశయ కాన్సరుతో, వయస్సు మీరకుండానే ఆమె కన్నుమూసినది.

వార్థిన్ ఆమె మాటను కొట్టివేయలేదు. అదే ఆయన గొప్పతనము. జర్మనీ నుండి వలసవచ్చిన ఆ కుటుంబములోని శాఖలన్నిటిని వెదకి, ఎవరు ఏ వయస్సులో ఏ జబ్బుతో పోయినారో వ్రాసిపెట్టి, 1913లో ప్రకటించినాడు. వైద్య గ్రంథములలో ఆ కుటుంబమునకు ‘జి కుటుంబము’ అని పేరు. 1925లో మరల ఒక వ్యాసము వ్రాసినాడు. వైద్యలోకము విని ఊరుకున్నది. అంతకు పూర్వము 1866లోనే ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా ఒక కుటుంబములో తరతరములుగా రొమ్ము కాన్సరు వచ్చిన వైనమును వివరించినాడు. దానికీ అదే గతి పట్టినది. కాన్సరు అందరికీ వచ్చే జబ్బే గదా, పెద్ద కుటుంబములో పదిమందికి వచ్చుట కాకతాళీయము కావచ్చును గదా అని వాదించేవారికి చెప్పదగిన సమాధానము అప్పటికి లేదు.

సుమారు అర్ధ శతాబ్దము గడచినది. 1962 ప్రాంతమున నెబ్రాస్కా రాష్ట్రములోని ఒమాహా నగరములో హెన్రీ లించ్ అనే యువ వైద్యుడు అతిగా త్రాగి ఆస్పత్రి పాలైన ఒక రోగిని చూచినాడు. ఎందుకు ఇంతగా త్రాగుతావని అడిగితే, మా ఇంట అందరూ పెద్దప్రేగు కాన్సరుతో పోతున్నారు, నేనూ పోయేవాడినే, అని ఆ రోగి చెప్పినాడట. లించ్ వైద్యము చదువక ముందు ముష్టియుద్ధములలో దిగినవాడు, పట్టుదల గలవాడు. ఆ కుటుంబ చరిత్రను సేకరించి, దానితో మిచిగన్‌లోని మరొక కుటుంబమును జోడించి 1966లో ప్రకటించినాడు. ఆ తరువాత వార్థిన్ పాత కాగితములు ఆయన చేతికి వచ్చినవి. జి కుటుంబమును మరల వెదకి, 1895 నుండి 1970 వరకు గల చరిత్రను 1971లో తన సహచరులతో కలిసి వ్రాసినాడు.

ఈ చరిత్రలో ఉపాధ్యాయులు గమనింపదగిన విచిత్రమొకటి ఉన్నది. మొదటి తరములలో ఆ కుటుంబమున జీర్ణాశయ కాన్సరు హెచ్చు. తరువాతి తరములలో అది తగ్గి, పెద్దప్రేగు కాన్సరు హెచ్చినది. అదే కాలమున అమెరికా దేశమంతటా జీర్ణాశయ కాన్సరు తగ్గుతూ వచ్చినది. అనగా వంశమునుండి వచ్చినది కాన్సరు కాదు, కాన్సరుకు లోనగు గుణము మాత్రమే. అది ఏ అవయవమున బయటపడవలెనో నిర్ణయించుటలో తిండికి, పరిసరములకు కూడ వాటా ఉన్నది.

ఇంతకూ ఆ గుణము ఎక్కడ ఉన్నది? దీనికి 1993, 1994 సంవత్సరములలో సమాధానము దొరికినది. జీవకణము రెండుగా చీలే ముందు తనలోని డి.ఎన్.ఏ.కు నకలు తీసుకొంటుంది. కోట్ల అక్షరముల గ్రంథమునకు నకలు తీస్తే తప్పులు దొర్లక మానవు. అచ్చాఫీసులో అచ్చుతప్పులు దిద్దే మనిషి ఉన్నట్లే, కణములో ఆ తప్పులను పట్టి సరిచేసే ప్రోటీనులు కొన్ని ఉన్నవి. వాటిని తయారుచేసే జన్యువులలో ముఖ్యమైనవి రెండు. రెండవ క్రోమోసోము మీద ఉన్న ఎం.ఎస్.హెచ్.-2 అనే జన్యువును 1993లోను, మూడవ క్రోమోసోము మీద ఉన్న ఎం.ఎల్.హెచ్.-1 అనే జన్యువును 1994లోను కనుగొన్నారు. ఈ రకపు కుటుంబములలో అనేకమునకు ఈ రెండింటిలో ఏదో ఒకదానియందు అక్షరదోషము ఉన్నదని తేలినది. ఇటువంటి దోషమును ఉత్పరివర్తనము అంటారు. వార్థిన్ చూచిన జి కుటుంబములోని దోషము కూడ 2000 నాటికి బయటపడినది, అది ఎం.ఎస్.హెచ్.-2లో ఒకే ఒక అక్షరము మారుట. ఆ వంశవృక్షములో 900కు పైగా మనుష్యుల పేర్లు చేరినవి. నేడు ఈ వ్యాధిని లించ్ సిండ్రోము అని పిలుస్తున్నారు.

ప్రతి కణములోను ఒక్కొక్క జన్యువునకు రెండేసి ప్రతులు ఉంటవి. ఒకటి తల్లి ఇచ్చినది, రెండవది తండ్రి ఇచ్చినది. ఒకటి చెడినా రెండవది పని నడిపిస్తుంది. రెండూ చెడినప్పుడే కాన్సరుకు దారి ఏర్పడుతుంది. పసిపిల్లల కంటిలో పుట్టే ఒక కాన్సరును పరిశీలించి ఆల్ఫ్రెడ్ నుడ్సన్ 1971లో ఈ సంగతి ఊహించినాడు. మామూలు మనిషికి ఒకే కణములో రెండు ప్రతులూ చెడుట అరుదు. పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్నవారికి మాత్రము రెండవది చెడితే చాలును. అందుచేతనే ఇటువంటి కుటుంబములలో కాన్సరు చిన్న వయస్సులో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషికి రెండు మూడు చోట్ల వస్తుంది.

కథ ఇంతటితో ముగిసినట్లే తోచినది. కాని కొందరు రోగులలో లక్షణములన్నీ ఉన్నవి, కాన్సరు గడ్డలో ఎం.ఎల్.హెచ్.-1 ప్రోటీను లేదు. అయినను జన్యువును అక్షరము అక్షరముగా చదివితే ఒక్క తప్పూ కనిపించలేదు. గ్రంథము సరిగానే ఉన్నది. మరి ఎవరూ దానిని చదువుటలేదెందుకు?

ఇక్కడ కొంచెము వెనుకకు పోవలెను. జన్యువులు ఉండుట వేరు, అవి పనిచేయుట వేరు. మన కంటి కణములోను, కాలేయ కణములోను ఉన్న గ్రంథము ఒకటే. చదివే పుటలు వేరు. జన్యువులు దేహరూపముగా వికసించే విధమును గూర్చిన శాస్త్రమునకు 1942లో వాడింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ‘ఎపిజెనెటిక్స్’ అని పేరు పెట్టినాడు. ఆ మాటకు నేటి అర్థము తరువాత వచ్చినది. 1948లో రోలిన్ హాచ్‌కిస్ దూడ గ్రంథి నుండి తీసిన డి.ఎన్.ఏ.లో సైటోసిన్ అనే అక్షరమును పోలి, కొంచెము భిన్నమైన పదార్థమును చూచినాడు. అది మిథైల్ సమూహము తగిలించుకొన్న సైటోసిన్. ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజను పరమాణువులు; అంతే ఆ అదనపు బరువు. 1961లో మేరీ లయన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆడ ఎలుకల కణములలోని రెండు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి మూగబోయి ఉంటుందని, ఆ కణము నుండి పుట్టిన కణములన్నిటిలోను అదే మూగబోయి ఉంటుందని ప్రతిపాదించినది. ఈ జ్ఞాపకము ఎట్లు నిలుస్తున్నది? 1975లో అమెరికాలో రిగ్స్, ఇంగ్లండులో హాలిడే, ప్యూ వేరువేరుగా ఒకే ఊహ చేసినారు: మిథైల్ గుర్తులే ఆ జ్ఞాపకము, కణము చీలినప్పుడెల్లా ఒక ఎంజైము పాత పోగు మీది గుర్తులను చూచి క్రొత్త పోగు మీద అక్కడక్కడే వేస్తుంది.

గ్రంథములో అక్షరములు చెరగలేదు; ఆ పుటలు జిగురుతో అంటుకొనిపోయినవి. చదువరి ఆ పుటను విప్పలేడు. విచిత్రమేమనగా, నకలు తీసే లేఖకుడు అక్షరములతోపాటు ఆ జిగురును కూడ క్రొత్త ప్రతిలో పూస్తున్నాడు.

దేహములో ఒక కణము నుండి మరొక కణమునకు ఈ జిగురు పోవుట ఒక సంగతి. తల్లిదండ్రుల నుండి బిడ్డకు పోవుట వేరే సంగతి. జీవితములో ఆర్జించిన గుణములు సంతానమునకు రావని పందొమ్మిదవ శతాబ్ది చివర వైస్‌మన్ గట్టిగా వాదించినాడు. తరతరములుగా ఎలుకల తోకలు కోసినా పుట్టిన పిల్లలకు తోకలున్నవని ఆయన చూపిన సంగతి మన పాఠ్యపుస్తకములు చెబుతూనే ఉన్నవి. ప్రకృతి కూడ ఆయన పక్షమే వహించినట్లున్నది. పిండము ఏర్పడిన తొలి దినములలో ఒకసారి, ఆ పిండములో మరుసటి తరపు బీజకణములు తయారగునప్పుడు మరొకసారి, మిథైల్ గుర్తులు దాదాపు అన్నీ తుడుచుకొనిపోతవి. పలక తుడిచి క్రొత్తగా వ్రాసుకొన్నట్లు ప్రతి బిడ్డయు ప్రారంభిస్తుంది. తుడుపు అప్పుడప్పుడు సరిగా జరుగకపోతే?

జరుగకపోవుటకు ఎలుకలలో ఉదాహరణ దొరికినది. జన్యువులు ఒకే విధముగా ఉన్న ఒక జాతి ఎలుకలలో కొన్ని పసుపుగా, లావుగా, కొన్ని గోధుమరంగుగా ఉంటవి. ‘అగూటి’ అనే జన్యువు దగ్గర గుర్తులు పలుచగా ఉంటే పసుపు, దట్టముగా ఉంటే గోధుమరంగు. 1999లో ఎమ్మా వైట్‌లా బృందము సిడ్నీలో చూపినదేమనగా, తల్లి రంగును బట్టి పిల్లల రంగుల పాళ్ళు మారుతున్నవి. గుర్తులు తల్లి బీజములో పూర్తిగా తుడుచుకొనిపోవుటలేదు. 2003లో వాటర్‌లాండ్, జర్టిల్ అనువారు చూడి ఎలుకలకు ఫోలిక్ ఆమ్లము మొదలైనవి ఎక్కువగా పెట్టగా గోధుమరంగు పిల్లలు హెచ్చినవి. మిథైల్ సమూహములను దేహమునకు అందించే మార్గములో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. దానిని 1940-50 మధ్య అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందమునకు నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. వార్థిన్ ఆ కుట్టుపని స్త్రీ మాట విన్న 1895లోనే ఆయన భీమవరములో జన్మించినారు.

వైట్‌లాతో కలిసి ఆ ఎలుకల వ్యాసము వ్రాసినవారిలో డేవిడ్ మార్టిన్ ఒకడు. ఎలుకలలో కనిపించినది మనుష్యులలో ఉండదా, ఉంటే ఆ అక్షరదోషము లేని కాన్సరు రోగులలోనే వెదకరాదా అను ప్రశ్న సిడ్నీలోనే తలయెత్తుట ఆశ్చర్యము కాదు. 1997 నాటికే ఒక ఆధారమున్నది. వంశముతో సంబంధము లేక ముసలితనములో వచ్చే పెద్దప్రేగు కాన్సరులలో కొన్నిటియందు ఎం.ఎల్.హెచ్.-1 జన్యువు మొదట మిథైల్ గుర్తులు దట్టముగా చేరి అది మూగబోయినదని తెలిసినది. కాని ఆ గుర్తులు గడ్డలోనే ఉంటవి. రోగి రక్తములో ఉండవు.

2004లో సూటర్, మార్టిన్, వార్డ్ ప్రకటించిన వ్యాసములోని ఇద్దరు రోగులలో ఉన్నవి. ఇద్దరికీ ఒకటికంటె ఎక్కువ కాన్సరులు వచ్చినవి, ఇద్దరికీ ఎం.ఎల్.హెచ్.-1లో అక్షరదోషము లేదు. రక్తము మొదలుకొని పరీక్షించిన కణజాలములన్నిటిలోను ఆ జన్యువు ఒక ప్రతి మూగబోయి ఉన్నది. పుట్టుకనుండి ఉంటే తప్ప ఇట్లు దేహమంతటా వ్యాపించదు. ఒకరి శుక్రకణములలో కూడ ఆ గుర్తు కొంచెముగా కనిపించినది. అక్షరము మారకనే గుర్తు మాత్రము మారిన ఇటువంటి దోషమును ఎపిమ్యుటేషను అంటారు. జన్యువుల మీది జిగురు తరము దాటి వచ్చి కాన్సరు తెస్తున్నదన్న మాట పత్రికలకెక్కినది.

మూడు సంవత్సరములకు, 2007లో, అదే నగరమునుండి మేగన్ హిచిన్స్, ఆమె సహచరులు వ్రాసిన వ్యాసము నా దృష్టిలో ఈ చరిత్రకంతటికి గుండెకాయ. ఒక కుటుంబములో తల్లికి ఎపిమ్యుటేషను ఉన్నది; ఆమె కొడుకులలో ఒకనికి వచ్చినది. ఎలుకలలో వచ్చినట్లే మనుష్యులలోను వచ్చినదని సంతోషింపవచ్చును. కాని ఆ కొడుకు శుక్రకణములలో చూస్తే గుర్తు తుడుచుకొనిపోయి ఉన్నది! అంతేకాదు, ఆ వ్యాసములోని రెండు కుటుంబములలో మరి ముగ్గురు సంతానమునకు తల్లినుండి సరిగ్గా ఆ ప్రతియే సంక్రమించినది. అయినను వారిలో జన్యువు చక్కగా పనిచేస్తున్నది. అదే తల్లి, అదే ప్రతి. ఒకనికి మూగ, తక్కినవారికి మాట. మెండెల్ బఠాణీలలో ఇటువంటి లెక్క లేదు. అక్షరదోషమైతే బిడ్డకు వచ్చే అవకాశము సగమని నిశ్చయముగా చెప్పవచ్చును. ఇక్కడ అట్లు చెప్పుటకు వీలులేదు.

ఇంతలో మరొక ప్రక్క వేరే కథ నడుస్తున్నది. 2006లో హాంకాంగు పరిశోధకులు ఒక చీనా కుటుంబములో వరుసగా మూడు తరములందు ఎం.ఎస్.హెచ్.-2 జన్యువు మీద మిథైల్ గుర్తులు చూచినారు. మూడు తరములు! సిడ్నీలో జారిపోయిన సాక్ష్యము ఇక్కడ చేతికి చిక్కినట్లే కనిపించినది. అయితే గుర్తు దేహమంతటా సమముగా లేదు. రక్తములో స్వల్పము, ప్రేగుపొరలో హెచ్చు. దీని రహస్యము 2009లో విడినది. లిఖ్టెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలి నాయకత్వమున నెదర్లాండ్సులోని నైమేఖన్ నగర పరిశోధకులు డచ్చి కుటుంబములను, చీనా కుటుంబములను పరిశీలించినారు. ఎం.ఎస్.హెచ్.-2కు ముందు దాని పొరుగున ఎప్‌క్యామ్ అనే మరొక జన్యువు ఉన్నది. ఈ కుటుంబములలో ఆ పొరుగు జన్యువు చివరి భాగము ఊడిపోయినది. గ్రంథాంతమున ఉండవలసిన ‘సంపూర్ణము’ అను మాట ఉన్న తాటాకు చిరిగిపోతే చదువరి ఆగకుండా తరువాతి గ్రంథములోనికి పోయినట్లు, ఎప్‌క్యామ్‌ను చదువుతున్న యంత్రము ఆగక ఎం.ఎస్.హెచ్.-2 మొదటి పుటలోనికి దూసుకొనిపోతున్నది. ఆ త్రొక్కిడి పడినచోట మిథైల్ గుర్తులు పేరుకొంటున్నవి. ఎప్‌క్యామ్ పనిచేసే ప్రేగుపొర కణములలోనే గుర్తు ఎందుకు హెచ్చో దీనితో తేటపడినది. తరము దాటి వచ్చినది జిగురు కాదు, చిరిగిన ఆకు. ప్రతి తరములోను ఆ చిరుగే క్రొత్తగా జిగురు తెచ్చుకొంటున్నది.

2011లో హిచిన్స్ బృందము మరొక కుటుంబమును ప్రకటించినది. దీనిలో ఎం.ఎల్.హెచ్.-1 మూగతనము మెండెల్ చెప్పిన ప్రబల లక్షణము వలె తరము తరమునకు తప్పకుండ వస్తున్నది. వెదుకగా, ప్రోటీనునకు సంబంధించిన వ్రాత మొదలగుటకు 27 అక్షరముల ముందు సైటోసిన్ ఉండవలసిన చోట అడెనిన్ కనిపించినది. ప్రోటీను వ్రాతలో లేని ఆ అక్షరమును పూర్వము తప్పుగా లెక్కించేవారు కాదు. ఈ కుటుంబములోని శుక్రకణములలో గుర్తు తుడుచుకొనిపోయినది. మరుసటి తరపు బిడ్డ దేహములో మరల వచ్చినది. తుడుపు సక్రమముగానే జరుగుతున్నది. తుడిచిన పలక మీద అదే పిచ్చివ్రాత మరల వ్రాయించేది ఆ ఒక్క అక్షరము. 2018లో ఇంగ్లండులోని మాంచెస్టరు పరిశోధకులు రొమ్ము, అండాశయ కాన్సరులు గల రెండు కుటుంబములలో బి.ఆర్.సి.ఏ.-1 అనే జన్యువు విషయమున ఇదే తీరు చూపినారు. అక్కడ వ్రాతకు 107 అక్షరముల ముందు ఒక అడెనిన్ స్థానములో థైమిన్ ఉన్నది.

కాబట్టి తల్లిదండ్రుల నుండి బిడ్డలకు, వారి నుండి మనుమలకు కాన్సరు అవకాశమును స్థిరముగా తీసుకొనివచ్చిన కుటుంబములలో, గట్టిగా శోధించినచోట అడుగున అక్షరదోషమే బయటపడుతూ వచ్చినది. శుద్ధమైన ఎపిమ్యుటేషను ఉన్నది, మనిషికి కాన్సరు తెస్తుంది. కాని సాధారణముగా అది ఆ మనిషితో ఆగిపోతుంది, సంతానమునకు వచ్చుట అరుదు. తాత అలవాట్ల గుర్తు మనుమని జన్యువుల మీద పడి కాన్సరు తెస్తుందని నేడు కొందరు సభలలో ధారాళముగా చెబుతున్నారు. అగూటి ఎలుకలను చూపి మనుష్యులను గూర్చి ఇట్లు చెప్పుట న్యాయము కాదని నా అభిప్రాయము. ఆ ఎలుకల జన్యువు పక్కన వైరసులను పోలిన ఒక డి.ఎన్.ఏ. తునుక వచ్చి చేరి ఉన్నది; దాని మూలముననే అక్కడ తుడుపు తడబడుతున్నది. అన్ని జన్యువులకు అది వర్తించదు. పుట్టుకతో ఉన్నదంతా వంశమునుండి వచ్చినదని అనుకొనుట మరొక పొరపాటు. కొందరు స్త్రీల రక్తకణములలో కొద్ది భాగమునందు బి.ఆర్.సి.ఏ.-1 మీద మిథైల్ గుర్తులు ఉంటవి. అటువంటివారికి కొన్ని రకముల రొమ్ము, అండాశయ కాన్సరుల అవకాశము కొంత హెచ్చని నార్వే పరిశోధకులు 2022లో చూపినారు. అప్పుడే పుట్టిన ఆడశిశువులలోను అవి కనిపిస్తున్నవి. అవి గర్భములో పిండము పెరుగునప్పుడు ఏర్పడినవని భావిస్తున్నారు.

ఈ తేడా పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. ఫిన్లండులో లించ్ సిండ్రోము కుటుంబములవారిని 252 మందిని 15 సంవత్సరములు గమనించి 2000లో ప్రకటించిన ఫలితములను బట్టి, మూడేండ్లకొకసారి పెద్దప్రేగును గొట్టముతో పరీక్షించుకొన్నవారిలో ప్రేగు కాన్సరు 62 శాతము తగ్గినది. కాన్సరుగా మారకముందే మొటిమలను తీసివేయుటయే దీనికి కారణము. నేడు అటువంటివారికి 20-25 సంవత్సరముల వయస్సునుండి ఒకటి రెండేండ్లకొకసారి ఆ పరీక్ష చేయుచున్నారు. ఎవరికి అవసరమో, ఎవరికి అవసరము లేదో తెలియవలెనంటే గుర్తు వెనుక ఏమున్నదో తెలియవలెను. చిన్న వయస్సులో ప్రేగు కాన్సరు వచ్చినవారి గడ్డలో ఎం.ఎల్.హెచ్.-1 మీద మిథైల్ గుర్తులు కనిపిస్తే, అది ముసలితనపు రకమని వదలిపెట్టక, రక్తములో కూడ చూడవలెను. రక్తములో ఉంటే, జన్యువు వ్రాతను మాత్రమే గాక దాని ముందు భాగమును, ఇరుగుపొరుగులను కూడ చదువవలెను. అక్కడ దోషము దొరికితే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, బిడ్డలు అందరూ పరీక్ష చేయించుకొనవలసినవారే. ఒక్కొక్కరికి సగము అవకాశము. ఏ దోషమును దొరకకపోతే, తల్లికి ఉన్నది గదా అని బిడ్డకు ఉన్నట్లు ఎంచక, లేదనీ ఎంచక, ఒక్కొక్క బిడ్డ రక్తమును విడివిడిగా చూచి చెప్పవలసి ఉంటుంది.